సీటీ స్కాన్ నుంచి ఎముక నమూనా: త్రీడీ ప్రింటింగ్‌తో రోగులకు లాభమేంటి?

బేతంచెర్ల: నాపరాయి గనుల్లో రాయి పొరలు పొరలుగా లేస్తుందని బేతంచెర్ల వాసులకు కొత్తగా చెప్పక్కర్లేదు. సీటీ స్కాన్ కూడా మనిషి శరీరాన్ని అలాగే పొరలుగా చూపిస్తుంది. ఆ పొరలను కంప్యూటర్‌లో కలిపి, రోగి ఎముకను అదే సైజులో చేతికి అందించేదే మెడికల్ త్రీడీ ప్రింటింగ్.

ఎలా చేస్తారు?

సీటీ స్కాన్ బొమ్మలు డైకామ్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. వాటిలోంచి కావాల్సిన ఎముకను కండరాలు, రక్తనాళాల నుంచి వేరు చేస్తారు. దీన్నే సెగ్మెంటేషన్ అంటారు. ఇక్కడ పొరపాటు జరిగితే నమూనా కూడా తప్పుగానే వస్తుంది. అందుకే రేడియాలజిస్టు చూసి సరే అనాలి. ఆ తర్వాత ఎస్‌టీఎల్ ఫైలుగా మార్చి ఇస్తే, ప్రింటర్ ప్లాస్టిక్, రెజిన్ లేదా టైటానియం పొడితో పొర మీద పొర వేస్తూ పోతుంది. దీనికి గంటల కొద్దీ టైం పడుతుంది.

రోగిపై తొలి సీటీ స్కాన్ 1971లో బ్రిటన్‌లో జరిగింది. త్రీడీ ప్రింటింగ్‌పై అమెరికాకు చెందిన చార్లెస్ హల్‌కు 1986లో పేటెంట్ వచ్చింది.

ఎవరికి పనికొస్తుంది?

రోడ్డు ప్రమాదంలోనో, బండరాయి మీద పడో తుంటి, దవడ, పుర్రె ఎముకలు నుజ్జయితే ఎక్స్‌రే ఒక్కటే చాలదు. నమూనా చేతిలో ఉంటే డాక్టర్లు ప్లేటును ముందే వంచి పెట్టుకోవచ్చు. ఆపరేషన్ థియేటర్‌లో టైం కలిసొస్తుంది. 2021లో బ్లాక్ ఫంగస్‌తో పైదవడ పోయినవారిలో కొందరికి ఇలా కొలతకు తగ్గట్టు చేసిన టైటానియం దవడలు అమర్చారు. పుట్టుకతో గుండె లోపాలున్న పిల్లల ఆపరేషన్లకూ నమూనాలు వాడుతున్నారు. మన రాష్ట్రంలో విశాఖపట్నంలోని ఏపీ మెడ్‌టెక్ జోన్‌లో త్రీడీ ప్రింటింగ్ సదుపాయం ఉంది.

అయితే మామూలుగా చెయ్యి విరిగినా ఇది కావాలని కాదు. ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో ప్రింట్ కోసం ఆగే వీలుండదు.

సీడీ పారేయొద్దు

స్కాన్ తీయించుకున్నాక చాలామంది ఫిల్మ్, రిపోర్టు దాచుకుని సీడీని పట్టించుకోరు. ఫిల్మ్ నుంచి ఇలాంటి నమూనా చేయడం కుదరదు. డైకామ్ డేటా కావాల్సిందే. అది కూడా ఒక మిల్లీమీటరు, అంతకంటే తక్కువ మందం పొరలతో ఉంటే మంచిది. డేటా పోతే మళ్లీ స్కాన్, మళ్లీ ఖర్చు, మళ్లీ రేడియేషన్. అందుకే పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు సీడీ అడిగి తీసుకుని వెంట ఉంచుకోవాలి.