1844 అక్టోబరు 22: తేదీకి కట్టుబడిన నిరీక్షణ, సంఘం నేర్వవలసిన పాఠాలు

ఉపోద్ఘాతం

క్రీస్తు ప్రభువు రెండవ రాకడ క్రైస్తవ విశ్వాసానికి అనుబంధం వంటిది కాదు. సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకు ఆయన తిరిగి వచ్చునని సంఘం తన విశ్వాసప్రమాణంలో శతాబ్దాలుగా ఒప్పుకొంటూనే ఉంది. ప్రభువు బల్ల ఆచరించిన ప్రతిసారీ ఆయన వచ్చువరకు ఆయన మరణాన్ని ప్రచురిస్తున్నామని పౌలు జ్ఞాపకం చేస్తున్నాడు (1 కొరింథీ 11:26). ఈ నిరీక్షణ లేని సంఘం దిక్కు తెలియని సంఘమే. అయితే ఇదే నిరీక్షణకు ఒక సంవత్సరాన్ని, ఒక దినాన్ని జతచేసిన ప్రతిసారీ విశ్వాసులు గాయపడ్డారు. 1992 అక్టోబరులో దక్షిణ కొరియాలోనూ, 2011 మేలో అమెరికాలో హెరాల్డ్ కాంపింగ్ రేడియో బోధ వలననూ జరిగినది ఇదే. నేడు ఇటువంటి ప్రకటనలు చేతిలోని ఫోను ద్వారా పల్లెలోని విశ్వాసి వరకు చేరుతున్నాయి.

కాబట్టి ఈ వ్యాసంలో మేము 1844లో అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో జరిగిన 'మహా నిరాశ' అనే ఒక్క సంఘటనను పరిశీలించదలచాము. లెక్క ఎందుకు తప్పిందన్నది మొదటి ప్రశ్న. ఒక లెక్క సహవాసానికి కొలబద్దగా ఎలా మారిందన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

లెక్కకు ముందున్న చరిత్ర

ప్రవచన కాలాలను లెక్కించే పద్ధతి 19వ శతాబ్దంలో క్రొత్తగా పుట్టలేదు. ఇటలీలో 1202లో మరణించిన ఫియోరె మఠాధిపతి యోవాకీము చరిత్రను తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల మూడు యుగాలుగా విభజించాడు. ఆయన అనుచరులలో కొందరు ప్రకటన గ్రంథంలోని 1260 దినాలను బట్టి 1260వ సంవత్సరం కోసం ఎదురుచూశారు. క్రొత్త నిబంధన గ్రీకు మూలపాఠ పరిశోధనలో అగ్రగణ్యుడైన జర్మను పండితుడు బెంగెల్ (1687-1752) సైతం 1836వ సంవత్సరాన్ని సూచించాడు. అంటే తేదీలు కట్టినవారందరూ వాక్యజ్ఞానం లేనివారు, మోసగాళ్లు అని కొట్టివేయడం చారిత్రకంగా నిలువదు. వారిలో వాక్యాన్ని ప్రాణప్రదంగా ప్రేమించినవారున్నారు. పాఠం ఇక్కడే మొదలవుతుంది.

విలియం మిల్లర్, ఆయన పద్ధతి

విలియం మిల్లర్ 1782లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్‌లో జన్మించి, న్యూయార్క్ రాష్ట్రంలోని లో హాంప్టన్‌లో పెరిగిన రైతు. యౌవనంలో డీయిజమును, అనగా దేవుడు సృష్టిని చేసి దాని మానాన దానిని విడిచిపెట్టాడనే తత్త్వాన్ని, అవలంబించాడు. 1812లో మొదలైన యుద్ధంలో కెప్టెనుగా పనిచేసి, 1814లో ప్లాట్స్‌బర్గ్ పోరాటాన్ని కండ్లారా చూశాడు. 1816లో మారుమనస్సు పొంది బాప్టిస్టు సంఘంలో చేరాడు. పాత స్నేహితుల విమర్శలకు జవాబివ్వాలని బైబిలును, క్రూడెన్ కంకార్డెన్సును ముందుంచుకొని వచనం వెంట వచనం చదువసాగాడు. రెండేండ్ల అధ్యయనం తరువాత, 1818లో, ఇంకా సుమారు 25 సంవత్సరాలలో ప్రభువు వస్తాడనే నిర్ణయానికి వచ్చాడు.

ఆయన ఆధారం దానియేలు 8:14. అక్కడ చెప్పబడిన 2300 దినాలను, ఒక దినానికి ఒక సంవత్సరం చొప్పున 2300 సంవత్సరాలుగా తీసుకొన్నాడు. ఇందుకు సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6 ఆధారాలు. యెరూషలేమును గూర్చి అర్తహషస్త రాజు ఎజ్రాకు ఆజ్ఞ ఇచ్చిన క్రీ.పూ. 457ను ఆరంభంగా ఎంచుకొన్నాడు. దానియేలు 9లోని డెబ్బది వారాలు, అనగా 490 సంవత్సరాలు, అక్కడ నుండే మొదలై క్రీ.శ. 33లో సిలువతో ముగిసాయని, 2300 సంవత్సరాలకు కూడ అదే ఆరంభమని తలంచాడు. 2300లో నుండి 457 తీసివేస్తే 1843 వస్తుంది. ఆలయ పవిత్రత అంటే ప్రభువు రాకడ వేళ భూమి అగ్నిచేత శుద్ధి కావడమని వ్యాఖ్యానించాడు.

ఈ గొలుసులో ప్రతి లంకె వేరే వచనానికి కట్టబడి ఉంది. అయితే లంకెలను కలిపినది వాక్యం కాదు, వ్యాఖ్యాత. సంఖ్యాకాండములోను యెహెజ్కేలులోను దినానికి సంవత్సరమని దేవుడే ఆ సందర్భానికి చెప్పాడు. దానియేలు 8లో ఆ మాట లేదు. 2300కు ఆరంభం అర్తహషస్త ఆజ్ఞ అని కూడ ఆ అధ్యాయం చెప్పదు. హెబ్రీ మూలంలో అక్కడ ఉన్నది 'సాయంకాలము-ఉదయము' అనే మాట. దానిని అనుదిన బలులకు అన్వయించి 1150 దినాలుగా గ్రహించే వ్యాఖ్యాతలున్నారు. క్రీ.పూ. 167లో నాలుగవ అంతియొకస్ ఆలయాన్ని అపవిత్రం చేయడం, క్రీ.పూ. 164లో అది తిరిగి శుద్ధి చేయబడడం ఈ దర్శనానికి నేపథ్యమని బహుమంది పండితుల అభిప్రాయం. మిల్లర్ ఎదుట బైబిలు, కంకార్డెన్సు ఉన్నాయి. తనకు ముందు చదివినవారితో సంభాషణ మాత్రం దాదాపు లేదు.

సంవత్సరం నుండి దినానికి

మిల్లర్ 1831 వరకు బహిరంగంగా బోధించలేదు. 1833లో బాప్టిస్టులు ఆయనకు బోధించుటకు లైసెన్సు ఇచ్చారు. ఉద్యమానికి రెక్కలిచ్చినవాడు బోస్టను కాపరి జాషువా హైమ్స్. 1840లో ఆయన ఒక పత్రిక ప్రారంభించాడు. 1842లో న్యూయార్కు నగరంలో మరొకటి. అదే సంవత్సరం చార్లెస్ ఫిచ్, అపొల్లోస్ హేల్ అనేవారు దానియేలు దర్శనంలోని ప్రతిమను, మృగాలను, సంవత్సరాలను ఒక్క గుడ్డ మీద చూపే పటాన్ని తయారుచేశారు. క్యాంపు కూటాలలో ఆ పటం ముందు నిలబడిన సామాన్యునికి క్లిష్టమైన వ్యాఖ్యానం కూడిక తీసివేతల వలె కనబడింది. ఉద్యమంలో చేరినవారు యాభైవేల నుండి లక్ష వరకు ఉండవచ్చునని చరిత్రకారుల అంచనా.

మిల్లర్ తాను మాత్రం ఒక దినాన్ని చెప్పడానికి చాలాకాలం జంకాడు. 1843 మార్చి 21కి, 1844 మార్చి 21కి మధ్య అని మాత్రమే అన్నాడు. ఇంతలో 1843 వేసవిలో ఫిచ్ ఒక ప్రసంగంలో ఈ వర్తమానాన్ని తిరస్కరించే సంఘాలన్నీ బబులోనేనని, వాటిని విడిచి రావాలని పిలుపునిచ్చాడు. ఆ క్షణం నుండి లెక్కను అంగీకరించడమే విశ్వాసానికి గురుతయింది. మరోవైపు అనేక సంఘాలు ఈ విశ్వాసులను ఎగతాళి చేశాయి, కొందరిని వెలివేశాయి. ఇరుపక్షాలు ఒకరినొకరు వినడం మానుకొన్నాయి.

1844 మార్చి గడిచిపోయింది. క్రీస్తుపూర్వం 1 తరువాత సున్నా సంవత్సరం లేకుండా క్రీ.శ. 1 వస్తుంది గనుక 2300 నిండు సంవత్సరాలు 1844లోనే ముగుస్తాయని గుర్తించారు. పెండ్లికుమారుడు ఆలస్యము చేసిన ఉపమానం (మత్తయి 25) తమకే వర్తిస్తుందని ధైర్యం తెచ్చుకొన్నారు. ఆగస్టులో న్యూ హాంప్‌షైర్‌లోని ఎక్సెటర్ క్యాంపు కూటంలో శామ్యూల్ స్నో ఏడవ నెల పదవ దినమైన ప్రాయశ్చిత్తార్థ దినాన ప్రభువు వస్తాడని, ఆ యేడు అది అక్టోబరు 22 అని ప్రకటించాడు. మిల్లర్, హైమ్స్ అక్టోబరు మొదటి దినాలలో గాని దీనిని ఒప్పుకొనలేదు. నాయకులు జనాన్ని నడిపించిన ఉద్యమంలో చివరకు జనమే నాయకులను నడిపించింది.

కొందరు రైతులు పంట కోయక పొలంలోనే విడిచారు. వర్తకులు దుకాణాలు మూశారు. అప్పులు తీర్చారు, పాపాలు ఒప్పుకొన్నారు, పగలు మాని సమాధానపడ్డారు. వారు తెల్లని వస్త్రాలు ధరించి కొండలెక్కారన్న కథలు తరువాతి కాలంలో విస్తారంగా వ్యాపించాయి గాని, వాటికి గట్టి ఆధారం లేదని పరిశోధకులు చూపారు. వారిని పిచ్చివారిగా చిత్రించడం మనకు సులభం. వారు మనవంటి విశ్వాసులే అని ఒప్పుకోవడం కష్టం.

ఆ మరునాడు

అక్టోబరు 23 ఉదయం మామూలుగానే తెల్లవారింది. ఏడ్పు, అవమానం, ఇరుగుపొరుగువారి వెక్కిరింపు మిగిలాయి. కొన్ని పట్టణాలలో అల్లరిమూకలు వారి కూటస్థలాలపై పడ్డాయి. 1845 ఆరంభంలో లో హాంప్టన్ బాప్టిస్టు సంఘం మిల్లర్‌ను సభ్యత్వం నుండి తొలగించింది.

నిరాశపడినవారు పలు దారులు పట్టారు. కొందరు విశ్వాసాన్నే విడిచారు. కొందరు క్రొత్త తేదీలు కట్టారు. కొందరు ప్రభువు ఆత్మీయంగా వచ్చేశాడన్నారు. మరికొందరు లెక్క సరియైనదే, జరిగిన సంగతి వేరు. ఆ దినాన ప్రభువు పరలోక ఆలయంలో తన యాజక పరిచర్యలోని అంత్య భాగాన్ని ఆరంభించాడు అని గ్రహించారు. ఈ చివరివారి నుండి 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది. తేదీలు నిర్ణయించకూడదని ఆ సంఘమే నేడు బోధిస్తుంది. నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి ఆ సంఘం స్థాపించినదే.

మిల్లర్ 1845లో ప్రచురించిన తన సమాధానంలో కాలం విషయమై తాను పొరబడినట్లు బహిరంగంగా ఒప్పుకొన్నాడు. రాకడ నిరీక్షణను మాత్రం 1849 డిసెంబరులో మరణించేవరకు విడువలేదు. తేదీలు కట్టినవారిలో ఇంత యథార్థత అరుదు.

ఆల్బనీలో రెండు సభలు

1845 ఏప్రిల్ చివర న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో మిల్లర్, ఆయన సహచరులు కూడి, చెదరిన ఉద్యమాన్ని సమకూర్చ ప్రయత్నించారు. ఎనిమిదేండ్లకు, 1853లో, అదే నగరంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ సభ జరిగింది. అక్కడ చర్చకు వచ్చినది మన నెల్లూరు. శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడి, పరిచర్య సాగించినా ఫలం బహు స్వల్పం. ఈ మిషనును మూసివేయాలా అన్న ప్రశ్న లేచింది. పటంలో ఒంటరిగా కనిపించిన నెల్లూరుకు 'ఒంటరి నక్షత్రం' అనే పేరు వచ్చినది అప్పుడే. మిషను మూతపడలేదు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. 1876-78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. 1878 జులై 3న వెలంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినాన 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టడంలో మా ఉద్దేశం ఒకరికి ఫలం, ఒకరికి శిక్ష అని తీర్పు చెప్పడం కాదు. నెల్లూరులో శ్రమించినవారికి కూడ రాకడ నిరీక్షణ ఉంది. వారికి కూడ నిరాశ ఎదురయింది. అయితే వారి నిరీక్షణ ఒక తేదీకి కట్టుబడలేదు గనుక ఆలస్యం దానిని విరుగగొట్టలేదు. తేదీ ఉన్నవాడు కోత విడిచి కూర్చున్నాడు. తేదీ లేనివాడు కరవులో కాలువ త్రవ్వించాడు.

నేర్వవలసిన పాఠాలు

మొదటిది, దేవుడు చెప్పినదానికీ మనం కూర్చినదానికీ మధ్య గీత స్పష్టంగా ఉండాలి. ప్రభువు వచ్చుట వాక్యం. ఫలానా రాజ్యం ఫలానా మృగం అనుట వ్యాఖ్యానం. ఫలానా దినం అనుట ప్రభువు తన శిష్యులకు నిషేధించిన పని (అపొ. కార్య. 1:7). ప్రసంగవేదిక మీద ఈ మూడూ ఒకే స్వరంతో పలికితే వినేవారు వేరుచేయలేరు.

రెండవది, వ్యాఖ్యానాన్ని సహవాసానికి కొలబద్ద చేయకూడదు. 1843లో లెక్కను ఒప్పుకొననివారు బబులోను అయిన దినాన ఆ లెక్కను సరిదిద్దగల సహోదరులందరూ బయటివారయ్యారు. లెక్క పదును తప్పినా చెప్పేవారు లేకపోయారు. వెయ్యేండ్ల పాలన, సంఘం ఎత్తబడుట వంటి అంశాలపై భిన్నాభిప్రాయాలున్న మన సంఘాలకు ఇది సూటియైన హెచ్చరిక.

మూడవది, రాకడ బోధ అనుదిన విధులను నిలుపుచేయకూడదు. ప్రభువు దినం వచ్చేసిందని కలవరపడిన థెస్సలొనీకయులకు పౌలు ఇచ్చిన మందు పని చేయుడి, మీ సొంత ఆహారం తినుడి అన్నదే (2 థెస్స 2:1-2, 3:6-12). రాకడ సమీపమని చెప్పి విశ్వాసి చేత పొలం అమ్మించే బోధ, పిల్లల చదువు మాన్పించే బోధ అపొస్తలుల బోధ కాదు.

నాలుగవది, నిరాశపడినవారికి కాపరి కావాలి. 1844 తరువాత సంఘాలు తిరిగి వచ్చినవారిని ఓదార్చిన దానికంటె వెక్కిరించినదే ఎక్కువ. నేడు ఒక తప్పుడు ప్రకటనను నమ్మి తలదించుకొన్న కుటుంబం మన సంఘంలో ఉంటే, వారి తప్పును ఎంచడానికి ముందు వారి ఇంటికి వెళ్లి ప్రార్థించడం కాపరి ధర్మం. వారు ప్రేమించినది ప్రభువు రాకడనే.

ముగింపు

తేదీలు తప్పాయని కొందరు సేవకులు అసలు రాకడను గూర్చి ప్రసంగించడమే మానుకొన్నారు. ఇది రెండవ నష్టం. మనం ఖాళీ చేసిన ఆ స్థలంలోనే క్రొత్త లెక్కలవారు నిలబడుతున్నారు. కాబట్టి వేదాంత కళాశాలలు దానియేలును, ప్రకటన గ్రంథాన్ని వాటి చారిత్రక నేపథ్యంతో క్రమంగా బోధించాలని, స్థానిక సంఘాలు రాకడ నిరీక్షణను సంవత్సరమంతా ఆరాధనలో నిలుపుకోవాలని మేము విన్నవించుకొంటున్నాము. ప్రభువు ఆలస్యం చేయుటలో ఎవరును నశింపకుండవలెనన్న దీర్ఘశాంతము ఉన్నదని పేతురు చెప్పుచున్నాడు (2 పేతురు 3:9). ఆ దీర్ఘశాంతపు దినాలు లెక్కించడానికి మనకు ఇవ్వబడలేదు. విత్తడానికి, కోయడానికి ఇవ్వబడ్డాయి.