గ్రంథం, ధనుస్సు, ఎముక

1545లో రోజర్ ఆస్కమ్ విలువిద్యపై 'టాక్సోఫిలస్' అనే సంవాదగ్రంథాన్ని ప్రచురించి ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీకి అంకితమిచ్చాడు. అదే ఏడాది జులై 19న ఆ రాజు యుద్ధనౌక మేరీ రోజ్ మునిగిపోయింది.

అందులో లభించిన నూటికి పైగా దీర్ఘధనుస్సులు యూ కర్రతో చేసినవి. లక్ష్యం వైపుండే తెల్లని కొయ్య సాగుదలను, విలుకాని వైపుండే చేవ ఒత్తిడిని తట్టుకుంటాయి. వాటిలో అనేకం ఆకర్ణాంతం లాగడానికి 100 పౌండ్లకు మించిన బలం కావాలని పరిశోధకుల అంచనా. అది సాధనతోనే సాధ్యం. నౌకలోని కొన్ని అస్థిపంజరాల్లో భుజఫలకం కొన అతుక్కోకపోవడానికి ఈ సాధనే కారణం కావచ్చునన్న అభిప్రాయం ఉంది.

గ్రంథం విద్యను వివరిస్తుంది. ఆ విద్యకు దేహం చెల్లించిన మూల్యానికి ఎముకే సాక్ష్యం. శాస్త్రగ్రంథాల ఆధారంగా చరిత్ర రాసేవారు రెండింటినీ చదవాలి.