కొంగలు, గుర్రములు, మెదడువాపు

సంగము వద్ద పెన్నానదికి 1880 దశకమున ఆనకట్ట కట్టిరి. ఆ నీరు కనిగిరి జలాశయమునకు చేరి, మొలగొలుకులకు పేరొందిన నేలను తడిపినది. 2022లో బ్యారేజియు వచ్చినది. రైతునకు సిరియైన ఆ మడినీటిలోనే కొంగలు మేసెడివి, క్యూలెక్స్ జాతి దోమలు గ్రుడ్లు పెట్టెడివి. నేడును అంతే. మెదడువాపు వ్యాధి కథ ఇట్టి మడులలోనిది.

ఈ వ్యాధికి జపాను పేరు తగిలినది. 1924లో ఆ దేశమున 6,000 మందికి పైగా దీని వాతబడిరి. 1935లో టోక్యోలో మరణించిన యొక రోగి మెదడునుండి వైరసును వేరుచేసిరి. అచ్చట గుర్రములును జ్వరపడి, తూలి, కూలెడివి. వాని మెదడునందును అదే వైరసు కనబడినది. జట్కా గుర్రములతో మెలగినవారికి సందేహము రాక మానదు: ఎవరినుండి ఎవరికి అంటినది?

మాకు వింత గొలుపునది ఇదియే. ఒకరినుండి ఒకరికి అంటలేదు. మనుష్యుని రక్తమునందు గాని, గుర్రపు రక్తమునందు గాని, కుట్టిన దోమకు అంటునంతగా ఈ వైరసు పెరుగదు. ప్రాణము తీసినను వ్యాధి అచ్చటనే ఆగిపోవును. వైరసునకు నెలవు కొంగలు. దానిని ఊరి అంచున పెంచునది పంది. ఈ దోమలకు పశువుల రక్తము మిక్కిలి ప్రీతి, పశువులలోనేమో వైరసు పెరుగదు. కొట్టములోని గేదె ఇంటివారి నొకింత కాపాడుననవచ్చును. దోమలను మేపునదియు అదియే!

మనదేశమున 1955లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి వచ్చిన రోగులలో ఈ వ్యాధి గుర్తింపబడినది. 1952లో స్థాపితమైన పూనా వైరసు పరిశోధనా కేంద్రమువారు రక్తపరీక్షలు జరిపిరి. మరుసటి ఏట వేలూరు ప్రాంతపు దోమలలోనే వైరసు దొరికినది. వేలూరు మన చిత్తూరు సీమకు పొరుగే గదా! 1999లో ఆంధ్రప్రదేశమున పలు జిల్లాలలో ఈ వ్యాధి చెలరేగి పసివారిని బలిగొన్నది. అదే ఏట దూరపు న్యూయార్కులో, దీనికి దాయాదియైన వెస్ట్ నైల్ వైరసు మనుష్యులను, గుర్రములను, కాకులను కూల్చినది.

వైరసు సోకినవారిలో సుమారు 250 మందికి ఒక్కరికే వ్యాధి ముదురును. కాని ముదిరినవారిలో నూటికి 30 మంది వరకు మరణింపవచ్చును. బ్రతికిన బిడ్డలు కొందరు మాటను, నడకను కోల్పోవుదురు. దీనికి మందు లేదు. 2006 నుండి వ్యాధి యున్న జిల్లాలలో ప్రభుత్వమువారు పిల్లలకు టీకా వేయించుచున్నారు. కొంగలకు ఎవరు వేయగలరు? ఈ దోమ మాపటివేళ మొదలు రాత్రి యంతయు కుట్టును గనుక బిడ్డలకు దోమతెర కట్టవలెను, పందుల దొడ్డి ఇండ్లకు దూరముగ నుండవలెను. మడిని నడుమ నడుమ ఆరగట్టినచో దోమపిల్లలు రెక్కలు రాకమునుపే చచ్చును. పైరునకు దానివలన నష్టము లేదు.