పింగాణీలో ఒదిగిన నటన

జమీందారు బంగళా సెట్ వేస్తే ఫిల్మ్‌నగర్ ఆర్ట్ డైరెక్టర్లు షాండ్లియర్‌తో పాటు అద్దాల బీరువాలో రెండు మూడు పింగాణీ బొమ్మలు కూడా పెట్టిస్తారు. పూలబుట్ట పట్టుకున్న దొరసాని, వంగి సలాం చేసే దొరబాబు. కెమెరా వాటిని దాటి హీరో మీదికి వెళ్లిపోతుంది. కానీ ఆ బొమ్మల పూర్వీకుల్లో చాలామంది రంగస్థల నటులే.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో యూరప్ రాజులు చైనా పింగాణీ కోసం ఖజానాలు గుమ్మరించేవారు. తయారీ రహస్యం మాత్రం వాళ్లకు అంతుబట్టలేదు. బంగారం చేస్తానన్న బోట్గర్ అనే యువకుణ్ని జర్మనీలోని సాక్సనీ పాలకుడు అగస్టస్ నిర్బంధంలో పెట్టాడు. శాస్త్రజ్ఞుడు షిర్న్‌హౌస్‌తో కలిసి బోట్గర్ 1708లో కనిపెట్టింది బంగారాన్ని కాదు, పింగాణీని! కేయోలిన్ అనే తెల్లమట్టిని సుమారు 1400 డిగ్రీల వేడిలో కాల్చడమే ఆ కిటుకు. 1710లో సాక్సనీలోనే మైసెన్‌లో కర్మాగారం మొదలైంది.

1731లో అక్కడ చేరిన శిల్పి కాండ్లర్ ఈ బొమ్మలకు ప్రాణం పోశాడు. అంతకుముందు రాజాస్థానాల విందుల్లో మిఠాయిల వేళ బల్ల మీద చక్కెర బొమ్మలు పెట్టేవారు. వాటి స్థానంలోకి పింగాణీ వచ్చింది. గవ్వల వంపులు, తీగల మెలికలు ఇష్టపడే రొకోకో శైలికి ఈ మట్టి బాగా నప్పింది. కాండ్లర్ ఇటలీ హాస్యనాటకాల హార్లెక్విన్‌ను తీసుకున్నాడు. మన తోలుబొమ్మలాట కేతిగాడిలా, వేషం చూడగానే జనం గుర్తుపట్టే పాత్ర అది. 1760 ప్రాంతంలో జర్మనీలోని నింఫెన్‌బుర్గ్ కర్మాగారంలో శిల్పి బుస్టెల్లి ఈ నాటకాల పాత్రలనే 16 బొమ్మలుగా మలిచాడు. నడుము మెలిక, వేలి విరుపు చాలు, డైలాగ్ అక్కర్లేదు.

ఆ విరుపు వెనక చాలా శ్రమ ఉంది. మూల శిల్పాన్ని తల, మొండెం, చేతులుగా విడదీసి, ఒక్కో ముక్కకు అచ్చు తీస్తారు. అచ్చుల్లోంచి వచ్చిన ముక్కలను పల్చటి మట్టి జావతో అతికిస్తారు. బట్టీలో బొమ్మ సుమారు ఆరో వంతు కుంచించుకుపోతుంది. మెత్తబడి ఒరిగిపోనూవచ్చు. అందుకే కాళ్ల వెనక ఓ చెట్టు మోడు ఉంటుంది. చూడ్డానికి అలంకారమే అయినా బరువు మోసేది అదే. వేడికి లోపలి గాలి వ్యాకోచించి బొమ్మ పగలకుండా అడుగున చిన్న రంధ్రం పెడతారు. మెరుపు పూత కాలాక రంగులద్ది, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు.

చేతిలో ఉన్న వస్తువే బొమ్మకు భాష. పూలు పట్టుకుంటే వసంతం, గోధుమ కంకులైతే వేసవి, ద్రాక్ష గుత్తులైతే శరదృతువు. కుంపటి దగ్గర చేతులు కాచుకునే ముసలాయన శీతాకాలం.

యూరప్ పింగాణీ చూడాలంటే జూబ్లీహిల్స్ నుంచి మూసీ ఒడ్డు దాకా వెళ్తే చాలు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా కూడబెట్టిన సంపదలో డ్రెస్డెన్, సెవ్ర్ పింగాణీ కూడా ఉంది. ఆయన 1949లో కన్నుమూశారు. 1951లో ఆ సేకరణతో సాలార్‌జంగ్ మ్యూజియం ప్రజలకు తెరుచుకుంది.

సెట్‌కు బొమ్మ ఎంచేవాళ్లు ముందు ఆ గదుల్లో ఓ పూట గడపాలి. వారసులు లేని జమీందారు గదిలో కుంపటి ముసలాయన్ని, పెళ్లికూతురి గదిలో పూలబుట్ట పిల్లని పెడితే, బీరువాలోని బొమ్మ కూడా కథ చెబుతుంది.