చిన్న ధ్వనిపరికరాల దుకాణం - బ్రాండ్ల ఎంపిక: బ్రిటన్ అనుభవం (1964-1991)

ఉపోద్ఘాతం

చిన్న దుకాణంలో స్థలం తక్కువ, పెట్టుబడి అంతకన్నా తక్కువ. అమ్ముడుపోని సరుకు ఒక అరను ఆక్రమిస్తే ఆ మేరకు సొమ్ము నిలిచిపోతుంది. అందువల్ల ఏ కంపెనీ సరుకు తెచ్చిపెట్టాలన్న నిర్ణయం మీదనే దాని మనుగడ ఆధారపడుతుంది. రికార్డు ప్లేయర్లు, ఆంప్లిఫయర్లు, స్పీకర్లు అమ్మే స్వతంత్ర దుకాణాల విషయంలో ఈ నిర్ణయానికి బ్రిటన్‌లో స్పష్టమైన చరిత్ర ఉంది. దుకాణదారు తన చెవిని నమ్మి ఎంచుకున్నాడా, వ్యాపారం నిలుపుకోవడానికి ఎంచుకున్నాడా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. ధరల కట్టుబాటు తొలగిన కాలం

1964కు ముందు బ్రిటన్‌లో ఒక వస్తువును దుకాణాలు ఏ ధరకు అమ్మాలో ఉత్పత్తిదారే నిర్ణయించి, దానిని అమలుపరచగలిగేవాడు. పెద్ద దుకాణంలోనూ చిన్న దుకాణంలోనూ ధర ఒకటే కనుక సలహా, మర్యాద, మరమ్మతు వంటి సేవలలోనే పోటీ ఉండేది. గిల్బర్ట్ బ్రిగ్స్ 1932లో స్థాపించిన వార్ఫ్‌డేల్, పీటర్ వాకర్ 1936లో ప్రారంభించిన సంస్థ నుండి వచ్చిన క్వాడ్ వంటి పేరున్న సరుకును అమ్మే చిన్న వర్తకునికి ఆ ధరే రక్షణ.

వాణిజ్య మంత్రిత్వ బాధ్యతలు చూస్తున్న ఎడ్వర్డ్ హీత్ చొరవతో 1964లో వచ్చిన పునర్విక్రయ ధరల చట్టం ఈ కట్టుబాటును చాలావరకు తొలగించింది. దాని ఫలితానికి కామెట్ సంస్థ మంచి ఉదాహరణ. 1933లో హల్ పట్టణంలో రేడియోల బ్యాటరీలను ఛార్జి చేసి ఇచ్చే వ్యాపారంగా మొదలైన ఈ సంస్థ, 1968లో అదే పట్టణంలో తగ్గింపు ధరల గిడ్డంగిని తెరిచింది. ఇక కొనుగోలుదారు చిన్న దుకాణంలో కూర్చొని పరికరాలను విని, సలహా పొంది, అదే పరికరాన్ని గిడ్డంగిలో చవకగా కొనుక్కోగలిగాడు. శ్రమ ఒకరిది, అమ్మకం మరొకరిది అయింది.

2. నైపుణ్యం కోరే సరుకు

ఈ స్థితిలో చిన్న దుకాణానికి రెండు లక్షణాలున్న బ్రాండ్లు అవసరమయ్యాయి. మొదటిది, గిడ్డంగులకు సరుకు ఇవ్వకుండా ఎంపిక చేసిన వర్తకులకే ఇచ్చే కంపెనీ కావడం. రెండవది, పెట్టె విప్పగానే పనిచేయక, నిపుణుని చేతితో అమర్చవలసిన పరికరం కావడం.

ఐవర్ టీఫెన్‌బ్రున్ 1973లో గ్లాస్గోలో స్థాపించిన లిన్ సంస్థ టర్న్‌టేబుల్ 'సోండెక్ ఎల్‌పి12' ఈ రెండింటికీ సరిపోయింది. రికార్డును మోసే పళ్లెం, ముల్లును మోసే ఆర్మ్ మూడు స్ప్రింగుల మీద నిలిచే లోపలి చట్రంపై ఉంటాయి. ఆ స్ప్రింగులను సరిచేయడంలో, తీగలను సర్దడంలో లోపం జరిగితే పరికరం సరిగా పనిచేయదు. మోటారే పళ్లేన్ని నేరుగా తిప్పే టెక్నిక్స్ 'ఎస్‌ఎల్-1200' (1972) వంటి జపాన్ పరికరాలను కొనుగోలుదారు తానే అమర్చుకోగలడు. నాణ్యతలో ఏది మేలన్న చర్చ వేరు. దుకాణదారు నైపుణ్యానికి విలువ మిగిల్చింది మాత్రం మొదటిదే.

3. వినికిడి గది

బ్రాండ్ల సంఖ్యను తగ్గించిన మరో కారణం వినికిడి పద్ధతి. అనేక స్పీకర్లను ఒకే గదిలో పేర్చి, మీటలు నొక్కుతూ ఒకదానితో ఒకటి పోల్చి వినిపించడం అంతకుముందు వాడుకలో ఉండేది. మోగుతున్న స్పీకరు ధ్వనికి మోగని స్పీకర్ల పొరలు కూడా కంపించి ఫలితాన్ని చెడగొడతాయని, గదిలో ఒక్క జతే ఉండాలని లిన్ వాదించింది. రికార్డు నుండి తీసుకోలేకపోయిన సంగీతాన్ని తరువాతి పరికరమేదీ తిరిగి తేలేదు కనుక ముందు టర్న్‌టేబుల్‌పైనే ఖర్చు చేయాలన్నది దాని రెండవ వాదం. స్పీకర్లకే ప్రాధాన్యమిచ్చిన నాటి అభిప్రాయానికి ఇది విరుద్ధం.

ఈ వాదాలను అంగీకరించిన దుకాణం తక్కువ బ్రాండ్లను ఒక క్రమంలో అమ్మడం మొదలుపెట్టింది. లిన్ టర్న్‌టేబుల్‌కు జూలియన్ వెరెకర్ సాలిస్‌బరీలో నడిపిన నైమ్ సంస్థ ఆంప్లిఫయర్లు జోడీ అయ్యాయి.

4. ఎంపిక ఎవరిది?

ఇక్కడ దుకాణం కంపెనీని ఎంచుకున్నంతగానే కంపెనీ కూడా దుకాణాన్ని ఎంచుకుంది. ధరల పోటీ నుండి రక్షణ దొరికింది. దానికి బదులుగా ఒక కంపెనీ సిద్ధాంతానికి దుకాణం ప్రచారకర్త అయింది. కొనుగోలుదారు వినగలిగిన సంగీతానికి కూడా ఆ జాబితాయే హద్దు. అయితే స్ప్రింగులు లేని టర్న్‌టేబుళ్లు చేసిన రేగా సంస్థ (1973) కూడా చిన్న దుకాణాలలో నిలిచింది కనుక, అమరికలోని క్లిష్టత ఒక్కటే ఎంపికను నిర్ణయించిందనలేము.

1983 మార్చిలో బ్రిటన్‌కు కాంపాక్ట్ డిస్క్ వచ్చింది. సరిచేయడానికి స్ప్రింగు లేదు, అమర్చడానికి ముల్లు లేదు. నైపుణ్యంపై నిలిచిన దుకాణానికి పునాది కదిలింది. నైమ్ తన తొలి సీడీ ప్లేయరును 1991లో గాని విడుదల చేయలేదు. ఆ ఎనిమిదేళ్లు, నైమ్‌నే ప్రధానంగా నమ్ముకున్న వర్తకుడు సీడీ కావాలన్నవారికి మరో కంపెనీ సరుకు చూపవలసి వచ్చింది.

ముగింపు

మొదటి ప్రశ్నకు సమాధానం రెండు వైపులా ఉంది. దుకాణదారు చెవిని నమ్మాడు; కాని తన శ్రమకు ప్రతిఫలం దక్కే పరికరాలలోనే ఆ చెవి వెతికింది. చట్టం ధరల రక్షణను తీసివేసినప్పుడు అతడు నైపుణ్యాన్ని రక్షణగా చేసుకున్నాడు. కొనుగోలుదారుకు చవక ధర తెచ్చిన ఆ మార్పే, చిన్న దుకాణంలో అతడు పోల్చి వినగలిగే బ్రాండ్ల సంఖ్యను తగ్గించడానికి కూడా కారణమైంది.