ఆగని ఫ్లష్ ట్యాంకు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం

మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు నిండాక కూడా నీళ్లు సన్నగా బేసిన్‌లోకి జారుతుంటే చిన్న లోపంగానే కనిపిస్తుంది. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు కారినా రోజు తిరిగేసరికి 288 లీటర్లు పోతాయి. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రమాణం కనుక, ఇది ఇద్దరి వాటాను మించిన నష్టం. వాషరు అరిగిందనో, సెట్టు మొత్తం మార్చాలనో చాలామంది వెంటనే తేల్చేస్తారు. నంద్యాల, ఆళ్లగడ్డల్లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో మొదట అనుమానించాల్సింది అరుగుదలను కాదు, పేరుకున్న సున్నాన్ని.

కుందూ లోయ రాళ్లే ఇందుకు ఆధారం. ఈ ప్రాంతపు కర్నూలు శిలాశ్రేణిలో నార్జి సున్నపురాయి, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ పొరలున్నాయి. బేతంచెర్ల నాపరాయీ సున్నపురాయే. వాన నీరు ఈ పొరల్లోంచి దిగేటప్పుడు కాల్షియాన్ని కరిగించుకుంటుంది. బోరు నుంచి పైకొచ్చి గాలి తగిలాక అందులోని కార్బన్ డయాక్సైడు తప్పుకుంటుంది, కరిగిన సున్నం మళ్లీ గట్టిపడుతుంది. బిందె అంచున, కుళాయి మూతిన పట్టే తెల్లటి గార అదే. తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని తగినదిగా చెబుతూ, మరో నీటి వనరు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటుంది. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా గార పట్టించగలవు. వాషరు ఆనుకునే అంచు మీద ఆవగింజంత గార ఉన్నా రబ్బరు పూర్తిగా కూర్చోదు.

లోపం ఎక్కడుందో తేల్చడానికి పనిముట్లు అక్కర్లేదు. యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి అరగంట ఆగాలి. మట్టం దిగితే లోపం అడుగు వాషరు దగ్గర ఉంది. ట్యాంకులో బట్టల నీలం కొద్దిగా కలిపి చూస్తే బేసిన్‌లో ఆ రంగు కనబడి సందేహం తీరుతుంది. మట్టం దిగకుండా, కాక్ తిప్పాక నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పడుతుంటే తప్పు ఫ్లోటుది, లేదా నీళ్లు లోపలికి వదిలే వాల్వుది. గొట్టం మూతికి అంగుళం దిగువన నీళ్లు ఆగేలా ఫ్లోటును సర్దాలి. చేత్తో ఫ్లోటును ఎత్తిపట్టినా ధార ఆగకపోతే వాల్వులో ఇసుకో గారో చిక్కుకుని ఉండవచ్చు.

కొత్త వాషరు వేస్తే పోయేదానికి తోమడమెందుకని అడగవచ్చు. గార పట్టిన అంచు మీద కొత్త రబ్బరు వేసినా సందు సందుగానే ఉంటుంది. వెనిగరుతో గానీ, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో గానీ అరగంట నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దితే గార వదులుతుంది. బాత్‌రూం యాసిడ్ ఇంకా త్వరగా పనిచేస్తుందన్నది నిజమే. కానీ అది లోహపు మరలను తినేస్తుంది, దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని, బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మునిసిపల్ నీళ్లు వాడే ఇళ్లకు ఈ వాదన వర్తించదన్న అభ్యంతరంలో కొంత బలముంది, ఎందుకంటే కాలువ నీళ్లలో సాధారణంగా సున్నం తక్కువ. అయితే వేసవిలో మిద్దె మీది ట్యాంకుకు బోరు నీళ్లు ఎక్కించే ఇళ్లకు గార తప్పదు. శుభ్రం చేశాక కూడా మట్టం దిగుతూ, రబ్బరు గట్టిపడో, ముట్టుకుంటే నల్లగా చేతికంటుకుంటూనో ఉంటే మాత్రం మార్చాల్సిందే. కొలతలు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం కనుక పాత వాషరును దుకాణానికి తీసుకెళ్లాలి.