బాయ్ బ్యాండ్లలో గే, బైసెక్సువల్, క్వీర్ గాయకులు

కుర్రవాళ్లు నలుగురైదుగురు కలిసి పాడుతూ, నాట్యం చేస్తూ, ప్రధానంగా టీనేజీ అమ్మాయిల అభిమానం మీద నిలబడే పాప్ బృందాన్ని బాయ్ బ్యాండ్ అంటారు. వీటిలో చాలావాటిని మేనేజర్లే ఆడిషన్లు పెట్టి కూర్చారు. గే, బైసెక్సువల్ యువకులు ఈ బృందాల్లో ముందునుంచీ ఉన్నా, 1990ల చివరి దాకా ఆ సంగతి బయటికి పొక్కలేదు. 1999 జూన్‌లో ఐర్లండ్ బృందం బాయ్‌జోన్ సభ్యుడు స్టీఫెన్ గేట్లీ తాను గే అని ప్రకటించాడు. బృందం కొనసాగుతుండగానే ఈ మాట చెప్పిన తొలి ప్రముఖ బాయ్ బ్యాండ్ గాయకుడిగా సాధారణంగా అతణ్నే పేర్కొంటారు. అక్కడినుంచి పాతికేళ్ల చరిత్రను, చెప్పే సమయం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి దశలుగా చూడవచ్చు.

పదాల వాడుక

తెలుగు పత్రికల్లో "స్వలింగ సంపర్కులు" అన్న మాట చాలాకాలంగా వాడుకలో ఉంది. అది మనిషి కంటే లైంగిక చర్యను ముందుకు తెస్తుంది కాబట్టి గే, బైసెక్సువల్, క్వీర్ అన్న మాటలనే యథాతథంగా వాడడం ఇటీవల పెరిగింది. ఈ వ్యాసంలోనూ అవే మాటలు వాడాం. ఎవరైనా తన లైంగికతను తానే వెల్లడించడాన్ని "చెప్పుకోవడం" అనీ, ఇతరులు వెల్లడించడాన్ని "బయటపెట్టడం" అనీ వేరుచేసి చూపాం. బాయ్ బ్యాండ్ల విషయంలో ఈ రెంటి మధ్య గీత చాలాసార్లు చెరిగిపోయింది.

నేపథ్యం: దాపరికం ఒక వ్యాపార సూత్రం

బాయ్ బ్యాండ్ వ్యాపారం ఒక ఊహ మీద నడిచింది: వేదిక మీది కుర్రవాడు ఇంకా ఎవరివాడూ కాడు, కాబట్టి తనవాడు కావచ్చునని అభిమాని అనుకోవాలి. ఆ ఊహ కోసం నిజాన్ని దాచే పద్ధతి గే గాయకులతో మొదలైంది కాదు. 1962లో జాన్ లెనన్ పెళ్లి చేసుకున్నప్పుడు, అమ్మాయిల అభిమానం తగ్గుతుందన్న భయంతో బీటిల్స్ మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ ఆ సంగతి దాచిపెట్టించాడు. ఎప్‌స్టీన్ స్వయంగా గే. ఇంగ్లండ్, వేల్స్‌లలో పురుషుల మధ్య సంబంధాలను పాక్షికంగా నేర పరిధి నుంచి తప్పించిన చట్టం 1967 జులైలో వచ్చింది. మరుసటి నెలలోనే అతను మరణించాడు.

ఈ వ్యాపారానికీ గే సమాజానికీ సంబంధం వేదిక వెనకే ఉండేది. 1990లో మాంచెస్టర్‌లో టేక్ దట్ బృందాన్ని కూర్చిన మేనేజర్ నైజెల్ మార్టిన్-స్మిత్ గే. పేరు రాకముందు ఆ కుర్రవాళ్లు పాఠశాలలతో పాటు గే క్లబ్బుల్లోనూ ప్రదర్శనలిచ్చారు. గే ప్రేక్షకుల ముందు మెరుగులు దిద్దుకున్న రూపం, నాట్యం ఆ తర్వాత టీనేజీ అమ్మాయిల మార్కెట్‌కు చేరాయి. 1996లో ఆ బృందం విడిపోయినప్పుడు, కుమిలిపోతున్న అభిమానుల కోసం బ్రిటన్‌లో టెలిఫోన్ సహాయ కేంద్రాలు నడపాల్సి వచ్చింది. అంత గాఢమైన అనుబంధాన్ని ఒక్క వాక్యంతో తెంచే సాహసం అప్పటి మేనేజర్లలో లేదు.

స్టీఫెన్ గేట్లీ, 1999

ఐర్లండ్‌లో స్వలింగ సంబంధాలు నేరం కాకుండా పోయింది 1993లో. లూయిస్ వాల్ష్ డబ్లిన్‌లో ఆడిషన్లు పెట్టి బాయ్‌జోన్‌ను కూర్చింది కూడా ఆ ఏడాదే. రోనన్ కీటింగ్, గేట్లీ ప్రధాన గాయకులు. ఆ బృందం బ్రిటన్‌లో ఆరు పాటలను అగ్రస్థానానికి చేర్చింది. గేట్లీ సంగతి తోటి సభ్యులకు తెలుసు, అభిమానులకు తెలియదు.

1999లో, బృందంతో గతంలో పనిచేసిన ఒకరు గేట్లీ కథను పత్రికలకు అమ్మబోతున్నట్టు అతనికి తెలిసింది. ఇతరులు బయటపెట్టేలోగా తానే చెప్పుకోవాలని నిర్ణయించుకున్నాడు. ఆ ఏడాది జూన్‌లో బ్రిటిష్ టాబ్లాయిడ్ ద సన్ మొదటి పేజీలో అతని మాటలు వచ్చాయి. నెదర్లండ్స్ బాయ్ బ్యాండ్ కాట్ ఇన్ ది యాక్ట్ సభ్యుడు ఎలోయ్ డి యోంగ్‌తో తన ప్రేమనూ అప్పుడే వెల్లడించాడు. చెప్పింది అతనే అయినా, ముహూర్తం పెట్టింది పత్రిక.

ఊహించిన తిరుగుబాటు అభిమానుల్లో రాలేదు. బాయ్‌జోన్ 2000లో విరామం తీసుకున్నాక గేట్లీ విడుదల చేసిన తొలి సోలో పాట బ్రిటన్‌లో మూడో స్థానానికి చేరింది. 2006లో అతను ఆండ్రూ కౌల్స్‌తో లండన్‌లో సివిల్ పార్ట్‌నర్‌షిప్ నమోదు చేసుకున్నాడు. ఐర్లండ్‌లో అప్పటికి అలాంటి చట్టం లేదు. బృందం మళ్లీ కలిశాక, 2008లో వచ్చిన "బెటర్" పాట వీడియోలో తక్కిన సభ్యుల పక్కన ప్రేయసులుగా అమ్మాయిలు కనిపిస్తే, గేట్లీ పక్కన ఒక యువకుడు కనిపించాడు. బాయ్ బ్యాండ్ వీడియోల్లో అది కొత్త.

2009 అక్టోబర్ 10న, స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపంలో గేట్లీ 33 ఏళ్ల వయసులో మరణించాడు. అంతవరకు బయటపడని గుండె జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని తేలింది. అంత్యక్రియలకు ముందురోజు డైలీ మెయిల్‌లో జాన్ మోయిర్ రాసిన వ్యాసం, ఆ మరణాన్ని అతని జీవన విధానానికి ముడిపెట్టింది. దానిపై బ్రిటన్ పత్రికా ఫిర్యాదుల సంఘానికి 25,000కు పైగా ఫిర్యాదులు అందాయి. ఒకే వ్యాసంపై అన్ని ఫిర్యాదులు రావడం అంతకుముందు లేదు. 2010 ఫిబ్రవరిలో సంఘం ఆ ఫిర్యాదులను తోసిపుచ్చింది. అంత్యక్రియలకు ముందు రాత్రి మిగిలిన నలుగురు సభ్యులూ డబ్లిన్‌లోని చర్చిలో శవపేటిక పక్కనే గడిపారు.

బ్రిటన్, ఐర్లండ్: గేట్లీ తర్వాత

వాల్ష్ మేనేజర్‌గా ఉన్న మరో ఐరిష్ బృందం వెస్ట్‌లైఫ్. దాని సభ్యుడు మార్క్ ఫీహిలీ 2005 ఆగస్టులో తాను గే అని చెప్పుకున్నాడు. అప్పటికి ఆ బృందం మంచి ఊపులో ఉంది. మూడు నెలలు తిరక్కుండానే వారి "యు రైజ్ మీ అప్" బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. గే సభ్యుడు ఉంటే రికార్డులు అమ్ముడుపోవన్న వాదనకు లెక్కల్లో ఆధారం లేకుండా పోయింది. పదేళ్ల తర్వాత, 2015 మే 22న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఐర్లండ్ ఓటర్లు 62 శాతం మంది స్వలింగ వివాహాన్ని సమర్థించారు.

బ్రిటన్ బృందం బ్లూకు చెందిన డంకన్ జేమ్స్ 2009లో తాను బైసెక్సువల్‌నని ప్రకటించాడు. తర్వాతి ఏళ్లలో గే అన్న మాటనే తనకు వాడుకున్నాడు. అప్పటికే అతనికి ఒక కూతురు ఉంది. ఈ మాటలు కాలంతో మారవచ్చునని, మొదట చెప్పింది అబద్ధం కానక్కరలేదని అతని అనుభవం సూచిస్తుంది.

అమెరికా: విరామం తర్వాత వచ్చిన మాట

అమెరికాలో సమయం ఇంకా వెనక్కి జరిగింది. ఎన్‌సింక్ 2000లో విడుదల చేసిన "నో స్ట్రింగ్స్ అటాచ్డ్" ఆల్బమ్ మొదటి వారంలోనే 24 లక్షల ప్రతులు అమ్ముడై, 15 ఏళ్లు నిలిచిన రికార్డు నెలకొల్పింది. బృందంలో మంద్రస్వరం పాడే లాన్స్ బాస్, మిసిసిపీ రాష్ట్రంలో బాప్టిస్ట్ కుటుంబంలో పెరిగాడు. తాను నోరు విప్పితే మిగతా నలుగురి బతుకుతెరువూ దెబ్బతింటుందన్న భయమే తనను ఆపిందని అతను తర్వాత వివరించాడు. బృందం 2002లో విరామంలోకి వెళ్లింది. ఎడతెగని పుకార్ల నడుమ, 2006 జులైలో పీపుల్ పత్రిక ముఖచిత్ర కథనంలో అతను తాను గే అని చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఆత్మకథ వెలువరించాడు. 2014లో మైకేల్ టర్చిన్‌ను పెళ్లాడాడు.

న్యూ కిడ్స్ ఆన్ ద బ్లాక్ సభ్యుడు జొనాథన్ నైట్ తీవ్ర ఆందోళన సమస్యతో 1994లో బృందాన్ని వీడాడు. 2008లో బృందం మళ్లీ ఒకటైనప్పుడు తిరిగి చేరాడు. అతను గే అన్న సంగతిని 2009లో టాబ్లాయిడ్లు రాశాయి. 2011 జనవరిలో, 1980ల చివర్లో ఆ బృందంతో పర్యటించిన గాయని టిఫనీ ఒక టీవీ కార్యక్రమంలో యథాలాపంగా ఆ ప్రస్తావన తెచ్చింది. దానికి జవాబుగా నైట్ ఒక ప్రకటన రాశాడు. తనను ఎవరూ బయటపెట్టలేదని, దాదాపు 20 ఏళ్ల కిందటే తన వాళ్లకు తానే చెప్పుకున్నానని అందులో స్పష్టం చేశాడు. ఇంట్లోవాళ్లకు చెప్పడం వేరు, పత్రికలకు చెప్పడం వేరన్నది అతని వాదన.

మెనూడో, రికీ మార్టిన్

ప్యూర్టో రికోలో 1977లో ఎడ్గార్డో డియాజ్ స్థాపించిన మెనూడో బృందంలో, సభ్యులు ఒక వయసు దాటగానే తప్పుకుని కొత్త పిల్లలకు చోటివ్వడం ఆనవాయితీ. రికీ మార్టిన్ 12 ఏళ్ల వయసులో, 1984లో అందులో చేరి 1989 దాకా ఉన్నాడు. 1999లో "లివిన్ లా విదా లోకా" పాటతో ప్రపంచమంతటికీ తెలిశాడు. 2000లో టీవీ పాత్రికేయురాలు బార్బరా వాల్టర్స్ అతని లైంగికత గురించి గుచ్చి గుచ్చి అడిగింది. ఆ ప్రశ్న తగనిదని పదేళ్ల తర్వాత ఆమే ఒప్పుకుంది. మార్టిన్ మాత్రం పత్రికలకూ టీవీలకూ ఆ అవకాశం ఇవ్వలేదు. 2010 మార్చి 29న తాను గే అని తన సొంత వెబ్‌సైట్‌లో రాసి చెప్పుకున్నాడు. సరొగసీ ద్వారా 2008లో పుట్టిన కవల కొడుకులను దాపరికంతో పెంచలేననుకోవడం ఆ నిర్ణయానికి ఒక కారణం.

2012 తర్వాత: ముందే చెప్పడం

2012లో బ్రిటన్ టీవీ పోటీ ఎక్స్ ఫ్యాక్టర్‌లో పాల్గొంటుండగానే యూనియన్ జే సభ్యుడు జేమీ హెన్స్‌లీ తాను గే అని చెప్పాడు. ప్రేక్షకుల ఓట్లే ఆధారమైన ఆ పోటీలో బృందం నాలుగో స్థానంలో నిలిచింది.

టెక్సస్‌లో పుట్టిన బ్రాక్‌హాంప్టన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. సభ్యులు చాలామంది ఆన్‌లైన్ చర్చావేదికలో కలుసుకున్న ఈ హిప్‌హాప్ బృందం, పట్టుబట్టి తనను తాను బాయ్ బ్యాండ్ అని పిలుచుకుంది. దాని నాయకుడు కెవిన్ ఆబ్‌స్ట్రాక్ట్ మగవాళ్ల పట్ల తన ప్రేమను పాటల్లోనే నేరుగా చెప్పాడు. వారి ఆల్బమ్ "ఇరిడెసెన్స్" 2018లో అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానం పొందింది. ఇక్కడ వెల్లడించాల్సిన రహస్యమంటూ లేదు. ఆ ప్రేమ పాటలోనే భాగం.

తూర్పు ఆసియా

జపాన్, దక్షిణ కొరియాల్లో ఏజెన్సీలు తయారుచేసే పాప్ తారలను ఐడల్స్ అంటారు. ఆ ఐడల్ పరిశ్రమల్లో ప్రేమ వ్యవహారమే పెద్ద వివాదం. కొత్త గాయకులకు డేటింగ్ నిషేధం విధించే ఏజెన్సీలు కొరియాలో ఉన్నాయి. సైన్యంలో పురుషుల మధ్య సంబంధాన్ని శిక్షించే నిబంధన ఆ దేశ సైనిక చట్టంలో ఉంది. దాని వర్తింపును సుప్రీంకోర్టు 2022లో కుదించింది. యువకులందరికీ సైనిక సేవ తప్పనిసరి కావడంతో ఈ నిబంధన నీడ మగ ఐడల్స్ మీదా పడుతుంది. మరోవైపు, ఒకే బృందంలోని ఇద్దరు కుర్రవాళ్లను జంటగా ఊహించుకోవడం అభిమానుల్లో మామూలు విషయం. వేదిక మీద దానికి ఊతమిచ్చే చేష్టలూ సాధారణమే. ఊహకు ఉన్న ఆ చోటు నిజంగా గే అయిన గాయకులకు చాలాకాలం దొరకలేదు.

జపాన్‌లో ఆడా మగా కలిసి పాడిన ఏఏఏ బృందం సభ్యుడు షింజిరో అటాయే, 2023 జులై 26న టోక్యోలో దాదాపు 2,000 మంది అభిమానులను పిలిచి, వారి ముందు తాను గే అని చెప్పాడు. కొరియా బృందం జస్ట్ బి సభ్యుడు బెయిన్ 2025 ఏప్రిల్ 22న లాస్ ఏంజలెస్ కచేరీలో, తాను క్వీర్ సమాజానికి చెందినవాణ్నని వేదిక మీదనుంచే ప్రకటించాడు. 1999లో గేట్లీ మాట అభిమానులకు చేరింది టాబ్లాయిడ్ ద్వారా. అటాయే, బెయిన్‌ల మాటను అభిమానులు ఎదురుగా నిలబడి విన్నారు, చప్పట్లు కొట్టారు.